డయాజెపామ్ ఇచ్చిన చిట్టెలుకలకు నొప్పి తగ్గిందా, పెరిగిందా? రెండు బ్యాచ్‌లు, రెండు ఫలితాలు

వాల్తేరు_విద్యార్థిని | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విశాఖలోనే ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ చదువుతున్నాను. ఆందోళన తగ్గించే మందులు నొప్పి స్పందనను ఎలా మారుస్తాయన్నది నా ప్రాజెక్టు. చిట్టెలుకలకు డయాజెపామ్ కడుపులోకి ఇంజెక్షన్ ఇచ్చి, అరగంట తరువాత హాట్ ప్లేట్ (వేడి పలక మీద ఎంతసేపటికి కాలు నాకుతుందో), ఆ వెంటనే టెయిల్ ఫ్లిక్ (వేడి తగిలిన తోకను ఎంతసేపటికి లాగేసుకుంటుందో) చూస్తున్నాం. ప్లేటు 55 డిగ్రీల దగ్గర ఉంటుంది. 15 సెకన్లు దాటితే స్పందించినా స్పందించకపోయినా ఎలుకను తీసేస్తాం.

మొదటి బ్యాచ్‌లో డయాజెపామ్ గ్రూపు కాలు నాకడానికి కంట్రోల్ గ్రూపు (మందు ఇవ్వనివి) కన్నా కాస్త ఎక్కువ సమయం తీసుకుంది. తోక దగ్గర తేడా ఏమీ లేదు. రెండో బ్యాచ్‌కి వచ్చేసరికి అంతా తలకిందులు. మందు ఇచ్చినవే ముందుగా కాలు నాకాయి. అంటే మందు నొప్పిని పెంచినట్టా?

మా గైడ్ గారు రెండో బ్యాచ్ పక్కన పెట్టి ఇంకోటి చేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆ ప్రాణులు కూడా మన చేతుల్లోనే పోయాయి. కారణం తెలుసుకోకుండా వాటి ఫలితాన్ని తీసేయడం ఎలా? పేపర్లు తిరగేస్తే అక్కడా రెండు రకాలుగానూ ఉన్నాయి. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

లాసన్స్‌బే_మాస్టారు | శనివారం, రాత్రి 10:25

అమ్మా, ఆ బ్యాచ్ పారేయకు. నచ్చని ఫలితం వేరు, చెడిపోయిన ప్రయోగం వేరు. రెండోదని రుజువయ్యేదాకా లెక్కలోనే ఉండాలి. నేను ఫార్మకాలజీ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, ఇది ప్రతి బ్యాచ్ పిల్లలకూ చెప్పేవాణ్ణి.

నువ్వు చేసిన రెండు పరీక్షలూ ఒకే విషయాన్ని కొలవవు. టెయిల్ ఫ్లిక్ 1941లో డి'అమోర్, స్మిత్ అనేవాళ్ళు పెట్టింది. తోక మీద వేడి పడగానే లాగేసుకోవడం వెన్నుపాము స్థాయిలో జరిగే పని. వెన్నుపాముకీ మెదడుకీ సంబంధం తెంచేసిన ఎలుక కూడా తోక లాగుతుంది. హాట్ ప్లేట్ 1944లో ఉల్ఫ్, మెక్‌డొనాల్డ్ మొదలుపెట్టింది. కాలు నాకడానికి, గెంతడానికి మెదడు కావాలి. వేడి తగిలింది, ఇది బాధ, ఏదో ఒకటి చేయాలి అన్నదంతా అందులో ఉంది. డయాజెపామ్ ప్రభావం ఎక్కువగా మెదడు మీద గనక తోక మారకుండా కాలు మారడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు.

కానీ ఇంకో పేచీ ఉంది. డయాజెపామ్ మత్తు తెస్తుంది, కండరాలను సడలిస్తుంది. ఎలుక కాలు ఆలస్యంగా నాకిందంటే నొప్పి తక్కువని కావచ్చు, ఒళ్ళు కదల్లేదని కూడా కావచ్చు. రోటారాడ్ చేశారా? తిరిగే కడ్డీ మీద నిలబడలేని జంతువుకి హాట్ ప్లేట్ ఫలితం చెప్పడం అనవసరం.

ఇంకో ప్రశ్న, అసలైనది ఇదే. రెండు బ్యాచ్‌ల కంట్రోల్ గ్రూపులను పక్కపక్కన పెట్టి చూశావా? అందరూ మందు ఇచ్చిన గ్రూపునే చూస్తారు.

ఎండాడ_న్యూరో | శనివారం, రాత్రి 10:50

మాస్టారి ప్రశ్నకు తోడు ఇంకొకటి. డయాజెపామ్ నీళ్ళలో కరగదు. ఇంజెక్షన్ ఆంప్యూల్‌లో ప్రొపిలిన్ గ్లైకాల్, ఆల్కహాల్ ఉంటాయి. కంట్రోల్‌కి ఉత్త సెలైన్ ఇచ్చి, మందు గ్రూపుకి ఆంప్యూల్ పలచన చేసి ఇస్తే, ఆ ద్రావకం చేసే పనంతా మందు ఖాతాలో పడుతుంది. కడుపులో మంట పుట్టించేది కూడా అదే. మీ కంట్రోల్ ఏంటి?

వాల్తేరు_విద్యార్థిని | ఆదివారం, ఉదయం 7:15

మాస్టారూ, అన్నయ్యా, ఇద్దరికీ థాంక్స్. కంట్రోల్‌కి అదే ద్రావకం, అదే పరిమాణంలో ఇచ్చాం. డోసు కిలో బరువుకు 1 మిల్లీగ్రాము. రోటారాడ్ వేరే ఎలుకల మీద ముందే చేశాం, ఈ డోసుకి పడిపోలేదు.

కంట్రోల్స్ పక్కపక్కన పెట్టి రాత్రే చూశాను. మాస్టారు అడిగిందే నిజం. మందు గ్రూపు రెండు బ్యాచ్‌ల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. మారింది కంట్రోల్ గ్రూపు! రెండో బ్యాచ్‌లో మందు లేని ఎలుకలే చాలా ఆలస్యంగా కాలు నాకాయి. అందుకే పోల్చినప్పుడు మందు నొప్పి పెంచినట్టు కనబడింది.

రెండో బ్యాచ్ డిసెంబర్ మొదటి వారంలో జరిగింది. నేవీ డే రిహార్సల్స్ నడుస్తున్నాయి. మా ల్యాబ్ బీచ్‌కి దగ్గర, విమానాలు నెత్తిమీద నుంచే పోతున్నట్టు ఉంటుంది, కిటికీ అద్దాలు కూడా అదురుతాయి. ఇంకోటి, మొదటి బ్యాచ్‌లో ఎలుకల్ని నేనే పట్టుకున్నాను. రెండోది మా జూనియర్ అబ్బాయి చేశాడు. ఇవి చెప్పుకోదగ్గ విషయాలేనా?

ఎండాడ_న్యూరో | ఆదివారం, ఉదయం 8:30

చెప్పుకోదగ్గవి కావడమేంటి, ఈ థ్రెడ్‌కి గుండెకాయ అదే! కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

భయం నొప్పిని అణచివేస్తుంది. కుక్క తరుముతుంటే పరిగెత్తినవాడికి కాలికి గాజుపెంకు గుచ్చుకున్న సంగతి ఇంటికొచ్చాక గానీ తెలియదు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు గాయం చూసుకుంటూ కూర్చునే జంతువు బతకదు. దీనికి మధ్యమెదడులో పెరియాక్విడక్టల్ గ్రే అనే ప్రాంతం ముఖ్యం. 1969లో రేనాల్డ్స్ ఆ చోట కరెంటు ఇచ్చి, మత్తుమందు లేకుండానే ఎలుకలకు పొట్ట ఆపరేషన్ చేయగలిగాడు. అక్కడి నుంచి సంకేతాలు వెన్నుపాము దాకా దిగి, పైకి వచ్చే నొప్పి కబురును మధ్యలోనే ఆపుతాయి.

ఇప్పుడు ఆందోళన మందు ఇస్తే ఏమవుతుంది? ఫాన్సెలో, హెల్మ్‌స్టెటర్ 1988లో చూసింది ఇదే. ఎలుకకు ముందు ఒక పెట్టెలో షాక్ తగులుతుంది. తరువాత పాదంలో మంట పుట్టించే ఫార్మలిన్ వేసి అదే పెట్టెలో ఉంచితే, ఎలుక బిగుసుకుపోయి పాదాన్ని పెద్దగా పట్టించుకోదు. భయమే అక్కడ నొప్పిమందులా పనిచేస్తోంది. మిడజోలామ్ లాంటి బెంజోడయాజెపైన్ (డయాజెపామ్ జాతి మందు) ఇస్తే ఆ అణచివేత తగ్గుతుంది, పాదం నాకడం తిరిగి వస్తుంది. అంకెలు మాత్రమే చూసేవాడు మందు నొప్పి పెంచిందని రాసుకుంటాడు. నిజానికి మందు తీసేసింది భయాన్ని, దాని చాటున ఉన్న నొప్పి బయటపడింది.

మీ జూనియర్ సంగతి. కెనడా మెక్‌గిల్ యూనివర్సిటీలో జెఫ్రీ మోగిల్ బృందం 2014లో ప్రచురించిన పని చూడండి. గదిలో మగ మనిషి ఉంటే ఎలుకలు, చిట్టెలుకలు నొప్పి తక్కువగా చూపించాయి. ఆడవాళ్ళు ఉంటే ఆ తేడా లేదు. మగవాళ్ళు రాత్రి వేసుకున్న టీషర్టు గదిలో పెట్టినా అదే ప్రభావం. వాసనకే వాటి ఒత్తిడి హార్మోన్ పెరిగింది. ఇందులో ఆ అబ్బాయి తప్పేమీ లేదు. కానీ ఎవరు పట్టుకున్నారన్నది నోట్‌బుక్‌లో రాయాల్సిన విషయం.

తోక పట్టి ఎత్తడం కూడా అంతే. హర్స్ట్, వెస్ట్ 2010లో చూపించారు. తోక పట్టి లేపితే చిట్టెలుకల్లో ఆందోళన పెరుగుతుంది, గొట్టంలోకి రానిచ్చి గానీ దోసిట్లోకి తీసుకుని గానీ మారిస్తే తగ్గుతుంది. మన దగ్గర ఇప్పటికీ చాలాచోట్ల తోక పట్టే ఎత్తుతారు.

గాజువాక_పెన్షనర్ | ఆదివారం, ఉదయం 9:05

నేను సైన్సు మనిషిని కాను, ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. నడుంనొప్పికి ఒక నొప్పి బిళ్ళ, రాత్రి నిద్రకీ టెన్షన్‌కీ ఇంకో చిన్న బిళ్ళ ఇచ్చారు. చిన్న బిళ్ళ వేసుకున్న రోజు నొప్పి తక్కువగా ఉన్నట్టు అనిపిస్తుంది. మీరేమో భయం పోతే నొప్పి పెరుగుతుందని రాశారు. నాకు ఎలా తగ్గుతోంది మరి? ఆ బిళ్ళ మానేయాలా?

మత్తు_డాక్టర్ | ఆదివారం, ఉదయం 9:40

బాబాయ్ గారూ, మొదటి మాట: ఆ బిళ్ళ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. బెంజోడయాజెపైన్ కొన్నాళ్ళు వాడాక ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పోతుంది, వణుకు వస్తుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. తగ్గించాలంటే మెల్లమెల్లగా, రాసిన డాక్టర్ చెప్పినట్టే. రెండో మాట: మీ నొప్పి బిళ్ళ ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా) జాతిదా అని ఆయన్నే అడగండి. ఈ రెండూ కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఈ జోడీ మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. ఈ వయసులో తూలి పడటం గురించీ జాగ్రత్త.

మీ ప్రశ్న మాత్రం చాలా మంచిది. భయం వేరు, ఆందోళన వేరు. 2000లో రూడీ, మీగర్ మనుషుల మీద చేసిన ప్రయోగంలో, నిజంగా షాక్ తగిలి భయపడినవాళ్ళకు వేడి నొప్పి తక్కువగా తెలిసింది. షాక్ తగులుతుందేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్ళకు అదే నొప్పి ఎక్కువైంది. ఎదుట ఉన్న ప్రమాదం నొప్పిని అణుస్తుంది, రాబోయేదాని గురించిన దిగులు నొప్పిని పెంచుతుంది. మీది రెండో రకం. రాత్రంతా నడుము గురించే ఆలోచిస్తూ పడుకుంటే నొప్పి పెద్దదవుతుంది. దిగులు తగ్గితే ఆ పెరిగిన భాగం తగ్గుతుంది. నడుంలో ఉన్నది మాత్రం అక్కడే ఉంటుంది.

ఇటలీలో బెనెడెట్టి 2006లో దీన్ని ఇంకాస్త విడదీశాడు. నొప్పి పెరుగుతుందని చెప్పి ఉత్తుత్తి మాత్ర ఇస్తే మనుషులకు నిజంగానే నొప్పి, ఒత్తిడి హార్మోన్లు రెండూ పెరిగాయి. డయాజెపామ్ రెండింటినీ ఆపింది. కోలిసిస్టోకైనిన్ అనే శరీర రసాయనాన్ని అడ్డుకునే ప్రోగ్లుమైడ్ నొప్పిని మాత్రమే ఆపింది, హార్మోన్లను కాదు. అంటే ఆందోళన నుంచి నొప్పికి వెళ్ళే దారిలో కోలిసిస్టోకైనిన్ ఉందన్నమాట.

ఆపరేషన్ థియేటర్లో మేం రోజూ మిడజోలామ్ ఇస్తాం. రోగి నెమ్మదిస్తాడు, జరిగింది గుర్తుండదు. కానీ దాన్ని నొప్పిమందు అనుకుని కోత పెట్టే మత్తు డాక్టర్ ఎవరూ ఉండరు.

జీవకారుణ్య_విశాఖ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఇదంతా చదువుతుంటే నాకు కడుపులో తిప్పుతోంది. వేడి పెనం మీద ఎలుకను పెట్టి సెకన్లు లెక్కపెట్టడం, పాదంలో ఫార్మలిన్ వేయడం. మనిషి మీద చేసి చూసిందాన్నే మళ్ళీ ఎలుక మీద చేయడం ఎందుకు? భయం, దిగులు వాటికి ఉన్నాయని మీరే ఒప్పుకుంటున్నారు. ఒప్పుకున్నాక చేయడం ఇంకా కష్టం కావాలి కదా.

లాసన్స్‌బే_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

మీ ప్రశ్నలో న్యాయం ఉందండీ. దాటేయను.

చట్టం సంగతి ముందు. జంతువుల మీద ప్రయోగాలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందికి వస్తాయి. 1998 నియమాల ప్రకారం సంస్థలో ఎథిక్స్ కమిటీ ఉండాలి, ప్రతి ప్రాజెక్టుకూ బి ఫారం నింపి అనుమతి తీసుకోవాలి, ఎన్ని జంతువులు ఎందుకు కావాలో రాయాలి. 15 సెకన్ల హద్దు కూడా పాదం కాలకుండా పెట్టుకున్నదే. క్లాసులో చూపించడానికి చేసే ప్రయోగాలు చాలావరకు కంప్యూటర్‌లోకి మారాయి. పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్య సంస్థలో తయారైన ఎక్స్‌ఫార్మ్ సాఫ్ట్‌వేర్‌తో పిల్లలు నేర్చుకుంటున్నారు. ఇది నేను మనసారా హర్షించిన మార్పు.

కానీ మనుషుల మీద చేయలేనివి కొన్ని ఉన్నాయి. డయాజెపామ్ గాబా రిసెప్టర్ (నరాల కణాలను నెమ్మదింపజేసే గాబా రసాయనం అతుక్కునే చోటు) మీద పనిచేస్తుంది. ఆ రిసెప్టర్‌లో ఆల్ఫా అనే భాగం రకరకాలుగా ఉంటుంది. ఏ రకం మత్తుకి, ఏ రకం నొప్పికి అన్నది తేల్చడానికి ఒక్కో రకానికి డయాజెపామ్ అంటుకోకుండా జన్యువు మార్చిన చిట్టెలుకల్ని వాడారు. జూరిక్‌లో జైల్‌హోఫర్ బృందం 2008లో ఈ ఎలుకల వెన్నుపాము దగ్గర డయాజెపామ్ ఇచ్చి చూసింది. వాపు వల్ల, నరం దెబ్బతినడం వల్ల పెరిగిపోయిన నొప్పి స్పందన తగ్గింది. ఆ పని చేసింది ముఖ్యంగా ఆల్ఫా 2, ఆల్ఫా 3. మత్తు తెచ్చే ఆల్ఫా 1 అవసరం పడలేదు. మత్తు లేకుండా నరాల నొప్పి తగ్గించే మందు చేయవచ్చన్న ఆశ అక్కడి నుంచే బలపడింది. మందులకు లొంగని నరాల నొప్పితో ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళను నేను దగ్గరగా చూశాను. అందుకే ఈ ఎలుకల రుణం తక్కువదని అనలేను.

విద్యార్థిని అమ్మాయికి కూడా ఇందులో ఒక సూచన ఉంది. వెన్నుపాములో ఆ ప్రభావం తేలింది గాయం, వాపు ఉన్న జంతువులో. నీ ఎలుకలు ఆరోగ్యంగా ఉన్నవి.

మధురవాడ_వెట్ | ఆదివారం, సాయంత్రం 4:20

పశువైద్యుడిగా నా అనుభవం కలుపుతాను. దీపావళికి కుక్కలు వణికిపోతుంటే జనం ఎసిప్రొమజైన్ అనే మత్తు మందు ఇమ్మని వస్తారు. కుక్క కదలకుండా పడి ఉంటుంది, ఇంట్లోవాళ్ళు నెమ్మదించిందనుకుంటారు. లోపల భయం అలాగే ఉంటుంది, నొప్పి తగ్గించే గుణం దానికి అసలు లేదు. కదలని జంతువు బాధ పడటం లేదనుకోవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

దీనికి రెండో వైపూ చూశాను. క్లినిక్ టేబుల్ మీద బిగుసుకుపోయి, విరిగిన కాలు ముట్టుకున్నా కిక్కురుమనని కుక్క ఉంటుంది. దానికి డయాజెపామ్ జాతి మందు ఇస్తే కొన్నిసార్లు నెమ్మదించడానికి బదులు ఒక్కసారిగా అరుస్తుంది, కరవబోతుంది. మందు పనిచేయలేదని చాలామంది అనుకుంటారు. భయంతో అణిగి ఉన్న స్పందన బయటికి వచ్చి ఉండవచ్చు కూడా. అందుకే నొప్పి ఉందని అనుమానం వస్తే ముందు నొప్పిమందు, ఆ తరువాతే మిగతావి. జీవకారుణ్య గారూ, వీధికుక్కల్ని పట్టుకొచ్చేటప్పుడు మీ వాళ్ళకు కూడా ఇది చెప్పండి. చప్పుడు చేయడం లేదంటే బాగుందని కాదు.

సింహాచలం_స్టాట్స్ | ఆదివారం, రాత్రి 8:00

అందరూ నేవీ విమానాల కథను నమ్మేస్తున్నారు. కథ బాగుంది, రుజువు లేదు. రెండు బ్యాచ్‌ల మధ్య మారినవి: చప్పుడు, పట్టుకున్న మనిషి, నెల. ఇవి మూడూ ఒకేసారి మారితే ఏది కారణమో ఏ లెక్కా చెప్పలేదు. రెండో బ్యాచ్ ఉంచాలి, ఒప్పుకుంటాను. కానీ "భయం వల్ల కంట్రోల్ పెరిగింది, డయాజెపామ్ దాన్ని తీసేసింది" అని థీసిస్‌లో ముగింపుగా రాస్తే పరీక్షించేవాళ్ళు ఊరుకోరు. అనుమానంగా రాయండి, మళ్ళీ పరీక్షించండి.

ఇంకొకటి. తోక ఉష్ణోగ్రత కొలిచారా? టెయిల్ ఫ్లిక్‌లో తోక చర్మం ముందే వెచ్చగా ఉంటే త్వరగా లాగుతుంది, చల్లగా ఉంటే ఆలస్యం అవుతుంది. ఎలుక తన ఒంటి వేడిని తోక నుంచే వదులుతుంది. మన విశాఖ ఉక్కపోతలో ఏసీ ఆగిపోయిన మధ్యాహ్నానికి, డిసెంబర్ ఉదయానికి తోక ఒకేలా ఉండదు. పైగా డయాజెపామ్ ఒంటి వేడినే తగ్గిస్తుంది. మందు రక్తనాళాల మీద చేసిన పనిని నొప్పి తగ్గించడంగా పొరబడే అవకాశం ఇక్కడ చాలా ఉంది.

ఎండాడ_న్యూరో | ఆదివారం, రాత్రి 8:35

స్టాట్స్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను చెప్పింది ఊహే, కానీ పరీక్షించడానికి వీలున్న ఊహ. ఎలుకల్ని ఇంజెక్షన్‌కి ముందు సగం ప్రశాంతంగా, సగం రికార్డు చేసిన చప్పుడు మధ్య ఉంచండి. ఒక్కో సగంలో మందు, ద్రావకం. నాలుగు గ్రూపులు. మందు నిజంగా నొప్పిమందైతే రెండు చోట్లా ఒకే దిశలో పనిచేయాలి. భయాన్ని తీసేయడమే దాని పనైతే చప్పుడు గ్రూపులోనే తేడా కనబడాలి, అదీ నొప్పి పెరిగిన దిశలో. ఐదో గ్రూపుగా డయాజెపామ్‌తో పాటు దాని పనిని అడ్డుకునే ఫ్లూమజెనిల్. ఆ ప్రభావం బెంజోడయాజెపైన్ చోటు నుంచే వచ్చిందో లేదో తేలుతుంది.

బస్పిరోన్ కూడా ఆలోచించండి. అది సెరోటోనిన్ రిసెప్టర్ మీద పనిచేసే ఆందోళన మందు, కండరాలను డయాజెపామ్‌లా సడలించదు. రెండు వేర్వేరు దారుల మందులు ఒకే ఫలితం ఇస్తే అప్పుడు ఆందోళన గురించి మాట్లాడే హక్కు వస్తుంది. ఒక్క డయాజెపామ్‌తో చేస్తే డయాజెపామ్ గురించే మాట్లాడగలం.

మత్తు_డాక్టర్ | ఆదివారం, రాత్రి 9:10

మార్ఫిన్ గ్రూపు కూడా పెట్టాలనుకుంటే ఒక హెచ్చరిక. చిట్టెలుకల్లో బెంజోడయాజెపైన్లు మార్ఫిన్ నొప్పి ఉపశమనాన్ని తగ్గించిన ప్రయోగాలు ఉన్నాయి. రెండూ ఇస్తే ఉపశమనం రెట్టింపు అవుతుందని ముందే అనుకోవద్దు.

జీవకారుణ్య_విశాఖ | ఆదివారం, రాత్రి 9:30

మాస్టారూ, మీ జవాబు చదివాను. నా అభిప్రాయం మారలేదు, కానీ మీరు దాటేయకుండా చెప్పినందుకు గౌరవం పెరిగింది. ఒకటే అడుగుతున్నాను. చప్పుడు పెట్టి భయపెట్టే గ్రూపు తప్పనిసరా? ఇప్పటికే భయపడిన జంతువుల లెక్క మీ దగ్గర ఉంది కదా.

వాల్తేరు_విద్యార్థిని | ఆదివారం, రాత్రి 10:45

అక్కా, మీరు అడిగింది చదివాక చాలాసేపు ఆలోచించాను. భయపెట్టే గ్రూపు పెట్టకుండా మొదలుపెడతాను. ముందు భయాన్ని తగ్గించి చూస్తాను. గొట్టంతో పట్టుకోవడం, టెస్టు గదికి రోజులు ముందుగా అలవాటు చేయడం, ఒకే మనిషి చేయడం, చప్పుడు లేని వారంలో చేయడం. నా అనుమానం నిజమైతే కంట్రోల్ రెండో బ్యాచ్ కన్నా త్వరగా కాలు నాకాలి, మందు నొప్పి పెంచినట్టు కనబడిన తేడా పోవాలి. అలా రాకపోతే నా అనుమానం తప్పు. దీనికి కొత్తగా ఏ జంతువునీ భయపెట్టక్కర్లేదు. రెండో బ్యాచ్ ఫలితం థీసిస్‌లో ఉంటుంది, గైడ్ గారితో రేపు మాట్లాడతాను.

గొట్టంతో పట్టుకోవడం మొదలుపెట్టాలంటే ఎథిక్స్ కమిటీకి మళ్ళీ రాయాలా మాస్టారూ?

లాసన్స్‌బే_మాస్టారు | సోమవారం, ఉదయం 6:20

రాయి అమ్మా. బాధ తగ్గించే మార్పైనా సరే సవరణగా రాసి ఇవ్వాలి. ఏ కమిటీ దానికి అడ్డు చెప్పదు. అందులో తోక ఉష్ణోగ్రత కొలవడం, రోటారాడ్ అదే ఎలుకల మీద పరీక్ష తరువాత చేయడం కూడా చేర్చు. కాలు నాకే సమయాన్ని చూసి రాసేవాళ్ళకు ఏ ఎలుకకు ఏ సూది పడిందో తెలియకూడదు, ఆ మాట కూడా రాయి.

గైడ్ గారి దగ్గరకు వెళ్ళేటప్పుడు రెండు బ్యాచ్‌ల కంట్రోల్స్ ఒకే గ్రాఫు మీద గీసి తీసుకెళ్ళు. ముందు అది చూపించు, మాటలు తరువాత.

గాజువాక_పెన్షనర్ | సోమవారం, ఉదయం 7:00

డాక్టర్ గారూ, బిళ్ళ పేరు చూశాను. నొప్పి బిళ్ళ ట్రమడాల్ కలిసినదే. ఇవాళే డాక్టర్ దగ్గరకు వెళ్తున్నాను, రెండు చీటీలూ తీసుకుని.